కాదనకూడని కప్పు

ఆ మంగళవారం మధ్యాహ్నం కాకముందే నాలుగుసార్లు పెరటి దొడ్డికి వెళ్ళొచ్చాను. నాలుగోసారి తిరిగొచ్చేసరికి మా అత్త మాగ్రీటా పీట ఖాళీగా ఉంది. కొట్టంలో గోనెపట్టాల మీద ఆరబోసిన బూకు అనే మందాకు కొమ్మలు అలాగే ఉన్నాయి, కొడవలి గోడకి ఆనించి ఉంది, మనిషి లేదు. కోతల నెలలో పని మధ్యలో లేచే మనిషి కాదు ఆవిడ.

ఏమీ ఎరగనట్టు నా పీట మీద కూర్చుని రెమ్మల నుంచి ఆకు దూయడం మొదలుపెట్టాను. కూర్చుంటే మంట ఎక్కువవుతోంది. పొత్తికడుపు కింద ఎవరో అగ్గిపుల్ల గీసి ఆర్పకుండా వదిలేసినట్టుంది. వెళ్తే నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకీ పళ్ళు బిగబట్టాలి. వచ్చి కూర్చున్న రెండు నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది.

"రోవీనా, ఇటు రా," అని వంటింట్లోంచి పిలిచింది.

బల్ల మీద ఎనామిల్ కప్పు పెట్టి ఉంది. పొగలు కక్కుతోంది. బూకు వాసన గుమ్మం దాకా కొట్టింది, పుదీనాకీ నల్లద్రాక్షకీ మధ్య ఉండే ఆ ఘాటు.

"పొద్దుట్నుంచీ చూస్తున్నా, గుడ్డు పెట్టడానికి చోటు దొరకని కోడిలా తిరుగుతున్నావు," అంది అత్త. "తాగు."

"అంత ఏమీ లేదమ్మా."

"లేకపోతే ఇంకా మంచిది. తాగు."

ఆవిడ కప్పు వైపు చూడలేదు. నా చేతుల వైపు చూస్తోంది. అప్పుడే నాకు అర్థమైంది, ఇది మందు ఒక్కటే కాదని.

మా రోయ్‌క్లిప్‌లో ఒంటికి మంటగా వెళ్తోందంటే ఎవరింట్లోనైనా బూకే. మా ముత్తాతల ముత్తాతలు ఈ సీడర్‌బర్గ్ కొండల్లో గొర్రెలు కాసుకునే రోజుల నుంచీ అదే. ఎవరైనా తాగొచ్చు. ఒక్క కడుపుతో ఉన్నదే తాగకూడదు. ఇక్కడ ఆడపిల్లని నువ్వు నీళ్ళోసుకున్నావా అని ఎవరూ నోరు విడిచి అడగరు. అడిగితే దిష్టి అంటారు, మర్యాద కాదంటారు. అందుకని కప్పు పెడతారు. తాగితే ఏమీ లేదని. పక్కకి నెడితే సంగతి తెలిసిపోయినట్టే.

నేను ఒకసారి నెట్టాను. పదకొండో తరగతిలో ఉండగా, మా అమ్మ వంటింట్లో, మా ఇద్దరు పెద్దమ్మల ఎదుట. "వద్దమ్మా, నాకిప్పుడు బానే ఉంది," అన్నాను. అంతే అన్నాను. ఒక పెద్దమ్మ అల్లుతున్న సూదులు ఒళ్ళో పెట్టేసింది. ఇంకో పెద్దమ్మ లేచి కిటికీ మూసింది. ఆదివారానికి చర్చిలో నా చోటు ఆఖరి బెంచీకి మారింది. ఆ టర్మ్ అయ్యేలోపే బడి మానేశాను. ఆగస్టులో టిర్సా పుట్టింది, డిసెంబర్‌లో గెర్షోమ్‌తో పెళ్ళయింది. ఈ రెండు నెలల మధ్య దూరాన్ని ఊరంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇప్పటికీ పెడుతూనే ఉంది.

ఆ రోజు నేర్చుకున్నది ఒకటే. కప్పు కాదనకూడదు.

అందుకే పోయిన జూన్‌లో కాదనలేదు. అప్పుడు నాకు రెండు నెలలు దాటి పది రోజులు. ఎవరికీ చెప్పలేదు. గెర్షోమ్‌కి కూడా చెప్పలేదు. తను రేవులో పడవల మీద పనిచేస్తాడు, నెలకోసారి వస్తాడు, మూడో నెల నిండాక ఎదురుగా చెబుదామనుకున్నాను. ఈలోపు ఇదే మంట వచ్చింది. అత్త ఇదే కప్పు పెట్టింది. మూడు రోజులు తాగాను. అయిదో రోజు కడుపు పోయింది. అత్త నా దుప్పట్లు తీసుకెళ్ళి ఏటి దగ్గర ఉతుక్కొచ్చింది. ఒక్క మాట అడగలేదు. ఏమైందని కూడా అనలేదు. అడగకపోవడం నాకు అప్పటినుంచీ ముల్లులా దిగబడి ఉంది. తెలియకపోతే అడిగేది కదా. తెలిసే ఇచ్చిందా?

ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉన్నాను. పది వారాలు. మళ్ళీ అదే కప్పు.

"చల్లారుతోంది," అంది అత్త.

కప్పు ఎత్తి పెదాలకి ఆనించాను. ఒక గుక్క నోట్లో పట్టి, గుటక వేసినట్టు గొంతు కదిపాను. అప్పుడే కొట్టంలో టిర్సా దేనికో ఏడ్చింది, వెంటనే కప్పు పట్టుకునే పరిగెత్తాను. పిల్ల వేలికి ముల్లు గుచ్చుకుంది. దాని వేలు నోట్లో పెట్టుకునే నెపంతో గుక్క ఉమ్మేశాను, కప్పు గోడ వెనక ఒంపేశాను. ఖాళీ కప్పు తెచ్చి బల్ల మీద పెడితే అత్త దాన్ని ఎత్తి లోపలికి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"త్వరగానే తాగావే," అంది.

మర్నాటి నుంచీ ఆవిడ నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. కప్పు పెట్టి, ఎదుటి కుర్చీ లాక్కుని, ఒళ్ళో మోచేతులు ఆనించుకుని కూర్చుంటుంది. నేను ఒక్కో గుక్కా ఎలా తప్పించాలో అని చూస్తుంటే, ఆవిడ ఒక్కో గుక్కా లెక్కపెడుతున్నట్టు చూస్తుంది. ఒకసారి తలగుడ్డ కొంగులో ఉమ్మాను. ఒకసారి దగ్గు తెచ్చుకున్నాను. కానీ ఎన్నిసార్లు? రెండు గుక్కలు లోపలికి పోనే పోయాయి. పోయిన ప్రతిసారీ పొత్తికడుపు మీద చెయ్యి వేసుకోవాలనిపించేది. ఆవిడ చూస్తోందని వేసుకోలేదు.

రుచి తేడాగా ఉంది. అది మొదటి రోజే అనుమానం వచ్చింది. బూకు నాలిక మీద చురుక్కుమంటుంది, తర్వాత చల్లగా అవుతుంది. ఇది వాసన మాత్రం బూకే, నోట్లో పడితే మెత్తగా, గంజిలా ఉంది, ఏదో మట్టి రుచి. అయితే ఈ నెలలో నా ముక్కు మీద నాకే నమ్మకం లేదు. ఇల్లంతా బూకే. జుట్టు బూకు, రొట్టె బూకు, టిర్సా మెడ ముద్దు పెట్టుకున్నా బూకే.

శుక్రవారం సన్నా పిన్ని సాయానికి వచ్చింది. మా పక్కింటావిడ, నోరు ఖాళీగా ఉంచలేని మనిషి. ఆకు జల్లెడ పడుతూ అడిగింది:

"ఏం మాగ్రీటా, కోడలికి కషాయం పెడుతున్నావంట?"

"పెడుతున్నా."

"తాగుతోందా?"

"తాగుతోంది."

సన్నా పిన్ని నా వైపు చూసి నవ్వింది. "అయితే ఇంకేముంది. మా ఆయనకీ ఆ మంట వస్తుందే, ప్రతి శనివారం సాయంత్రం. నేను బూకుని బ్రాందీలో నానేస్తాను మరి. టీలో నానేసిన వారం ఒక్కసారి కూడా మంట రాలేదు."

అత్త నవ్వలేదు. సన్నా పిన్ని ఇంకాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది, తగ్గించినా కొట్టం అంతా వినబడేంతే. "కొండ అవతల ఒకావిడ చేసిన పని విన్నావా? కోడలికి బూకని చెప్పి ఏవో పీచు వేర్లు కాచి పోసిందట. ఆ పిల్లకి మూడో నెల. వారంలో అంతా కడిగేసినట్టయిందట. ఆ అత్తకి కొడుకు పెళ్ళామే ఇష్టం లేదులే."

"ఊరికే వాగకు సన్నా," అంది అత్త. అని ఆగి, "ఆకులో పుల్లలు పడుతున్నాయి, చూసుకో," అంది.

ఆవిడ గొంతులో ఏదో బెసికింది. నాకు చాలు అది.

ఆ సాయంత్రం ఆవిడ మేకల్ని తోలుకురావడానికి వెళ్ళగానే వంటింట్లో పొయ్యి పక్కన చెత్త తొట్టి వెతికాను. తొక్కల కింద వడగట్టిన పిప్పి దొరికింది. బూకుకుండే గుండ్రటి ఆకు ఒక్కటి కూడా లేదు. పీచు. సన్నగా, ముదురు గోధుమరంగులో, చిన్నగా తరిగిన పీచు. దానికి జిగురులాంటిదేదో అంటుకుని ఉంది. చేతిరుమాల్లో ఒక గుప్పెడు మూట గట్టి బట్టల పెట్టెలో దాచాను.

ఎవరికి చెప్పను? మా అమ్మకి చెబితే, ముందు కడుపు సంగతి చెప్పాలి. గెర్షోమ్‌కి ఫోన్ చెయ్యాలంటే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, ఎక్కితే ఊరంతా చూస్తుంది. ఎక్కి ఏమనాలి? మీ అమ్మ నాకు ఏదో పోస్తోంది అనాలా? ఆవిడ చేతి రొట్టె తిని పెరిగినవాడు. ఒక్కసారైనా, రోవీనా, నువ్వు భయస్తురాలివి, అనడా?

మళ్ళీ నాకే అనిపించేది, నేనే ఊహించుకుంటున్నానా అని. మరుక్షణం జూన్ గుర్తొచ్చేది.

శనివారానికి మంట కాస్త సర్దుకున్నట్టే అయింది. ఆదివారం చర్చిలో పాట మధ్యలో వెన్ను కుడివైపు, పక్కటెముకల కింద, బరువుగా నొప్పి మొదలైంది. సోమవారం ఒంట్లో చలి. ఫిబ్రవరి మాకు నడివేసవి, ఆ ఎండకి బయట రాళ్ళు పగులుతుంటే నేను స్వెటర్ వేసుకుని ఆకు దూశాను.

"చలేమిటి నీకు?" అంది అత్త.

"ఏం లేదు."

లేచి నా నుదుటి మీద చెయ్యి పెట్టబోయింది. తల పక్కకి తిప్పేశాను. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. దాన్ని ముందుకి చాపాలో వెనక్కి తీసుకోవాలో తెలియనట్టు చూసి, గౌనుకి తుడుచుకుంది.

క్లినిక్ వ్యాన్ మా ఊరికి రెండు వారాలకోసారి గురువారం వస్తుంది. చర్చి హాల్లో బల్ల వేసుకుని కూర్చుంటారు. గురువారం పొద్దున్నే టిర్సాకి జుట్టు దువ్వి, చేతిరుమాలు మూట జాకెట్టులో పెట్టుకుని బయల్దేరాను.

"ఎక్కడికి?"

"టిర్సాకి దగ్గు. చూపించుకొస్తా."

టిర్సా ఆ వారంలో ఒక్కసారి కూడా దగ్గలేదు. అత్త దాని వైపు చూసింది. పిల్ల నోట్లో బిస్కెట్టుతో ఆవిడ వైపు నవ్వింది.

"నేనూ వస్తా," అని తలగుడ్డ కట్టుకుంది.

దారంతా నా వెనక రెండడుగుల దూరంలో నడిచింది. ఎందుకొస్తోంది? నేను నర్సుతో ఏం చెబుతానో వినడానికి. అంతకంటే ఇంకేముంటుంది? ఏటి గట్టు ఎక్కేటప్పుడు వెన్ను నొప్పికి వంగిపోయాను. ఆవిడ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. గట్టు దాటగానే విడిపించుకున్నాను.

హాల్లో బెంచీల మీద అప్పటికే పదిమంది ఉన్నారు. సన్నా పిన్ని కూడా. మోకాళ్ళకి మందు కోసం వచ్చిన ముసలాయన, అందరూ క్లాస్ తాత అంటారు, బూకు వెనిగర్ గొప్ప చెబుతున్నాడు.

"నలభై ఏళ్ళు రాసుకున్నా ఈ మోకాలికి. చూడు."

"చూశాం తాతా. అయినా ఇక్కడికి ఎందుకొచ్చావు మరి?" అంది సన్నా పిన్ని.

"రెండో మోకాలికి."

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు, కూర్చోలేదు. నా పేరు పిలిచేసరికి తనూ ఒక అడుగు వేసింది. నేను వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు టిర్సాని పట్టుకోండి," అని పిల్లని ఆవిడ చేతిలో పెట్టి తెర వెనక్కి వెళ్ళాను.

సిస్టర్ అపోలిస్ మా జిల్లా ఆవిడే. లావుపాటి మనిషి, కళ్ళద్దాలు తాడుకి వేలాడుతుంటాయి. టిర్సాకి దగ్గని నేను మొదలుపెట్టగానే ఆపేసింది.

"పిల్ల సంగతి తర్వాత. నువ్వు వణుకుతున్నావు. నోరు తెరువు." థర్మామీటర్ చూసి నొసలు ముడిచింది. "వెనక్కి తిరుగు." వీపు మీద కుడిపక్క అరచెయ్యి అంచుతో తట్టింది. నాకు తెలియకుండానే మూలుగు వచ్చేసింది. "మంట ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"తొమ్మిది రోజులు," అంది, ప్రతి అక్షరం విడివిడిగా. చిన్న సీసా ఇచ్చి పక్కగదిలోకి పంపింది. తెచ్చిచ్చాక అందులో ఒక పట్టీ ముంచింది, రంగులు మారడం చూసింది. ఇంకో పట్టీ తీసింది. దాన్ని ముంచకముందే నేను చెప్పేశాను.

"అవునండి. పదకొండు వారాలు."

ఆ మాట నోటితో పైకి అనడం అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

సిస్టర్ పట్టీ పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. ఆవిడకి తెలుసేమో." తల తెర వైపు తిప్పాను. తర్వాత జాకెట్టులోంచి మూట తీసి ఆవిడ బల్ల మీద విప్పాను. "ఆవిడ నాకు ఇది పోస్తోందండి. బూకని చెప్పి. పోయినేడు కూడా మూడు రోజులు పోసింది, అయిదో రోజు నాకు పోయింది. ఇదేమిటో చెప్పండి."

సిస్టర్ పీచుని వేలితో కదిపింది, వాసన చూసింది, తల అడ్డంగా ఊపింది. "నేను ఆకులు గుర్తుపట్టే మనిషిని కాను. గుర్తుపట్టే మనిషి బయట నిలబడి ఉంది."

"ఆవిణ్ణి పిలవొద్దు."

"నీ కడుపులోకి ఏం పోయిందో తెలియకుండా నేనెలా మందివ్వను? నువ్వు సరేనంటేనే పిలుస్తా."

బయట క్లాస్ తాత ఇంకా మోకాలి గురించే చెబుతున్నాడు. చివరికి తల ఊపాను.

అత్త లోపలికొచ్చింది. బల్ల మీద రుమాలు చూడగానే ఆగిపోయింది. అది తన ఇంటి రుమాలే.

"ఎక్కడిదిది?"

"తొట్టిలోది," అన్నాను.

ఆవిడ ముందు నావైపు, తర్వాత సిస్టర్ వైపు, తర్వాత పీచు వైపు చూసింది. "మొక్కజొన్న పీచు," అంది. "ఎండబెట్టి తరిగింది. బార్లీ గంజిలో కాచాను."

"బూకు వాసన వచ్చింది," అన్నాను. "ప్రతిరోజూ వచ్చింది."

"కప్పు అంచుకి రెండాకులు నలిపి రాశాను. రాయకపోయినా వచ్చేదేమో, నా చేతులే చాలు ఈ నెలలో."

"ఎందుకు? బూకైతే బూకే పొయ్యొచ్చు కదా."

ఆవిడ రుమాలు అంచు సర్దింది. నేను వదల్లేదు. "నేను నమ్మను. ఇది మొక్కజొన్న పీచేనని ఎలా నమ్మాలి?"

అత్త వంగి రుమాల్లోంచి ఒక చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. ఆరు రోజులు పెట్టెలో మగ్గిన పిప్పి. మొహం చిట్లించి, నమిలి, మింగేసింది. "గిన్నెలో మిగిలింది రోజూ నేనే తాగాను," అంది. "పారేస్తే నువ్వు రంగు చూస్తావని. ఈ తొమ్మిది రోజులూ నీకంటే నేనే ఎక్కువసార్లు పెరటి దొడ్డికి వెళ్ళొచ్చాను. నువ్వు గమనించలేదు."

నిజమే, గమనించలేదు. ఆవిడ నన్ను చూస్తోందన్న ధ్యాసలో ఆవిడని చూడలేదు.

సిస్టర్ అడిగింది, "మాగ్రీటమ్మా, ఎందుకు మార్చారు?"

అత్త కుర్చీ అంచున కూర్చుంది. కొండమీద ఎండకి నల్లబడిన చేతులు ఒళ్ళో ఒకదానిమీద ఒకటి పెట్టుకుంది. "పోయిన జూన్‌లో కప్పు పెడితే ఈ పిల్ల తాగింది. తాగింది కదా, ఏమీ లేదనుకున్నా. మూడు రోజులు గట్టిగా కాచి పోశా. అయిదో రోజు దుప్పట్లు ఏటికి తీసుకెళ్ళి విప్పితే తెలిసింది. నేను నలుగురిని కన్నదాన్ని, ఇద్దరిని పోగొట్టుకున్నదాన్ని. నాకు చూస్తే తెలియదా. అడుగుదామనుకున్నా. నేను పోసింది నేనే ఎలా అడగను?"

"ఇప్పుడు?" అంది సిస్టర్.

"ఇప్పుడు మళ్ళీ కప్పు పెట్టాలి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటుంది ఊరు. ఈసారి నెడుతుందేమో చూద్దామని పెట్టా. నెట్టలేదు. మొహమంతా వద్దంటోంది, చెయ్యి మాత్రం కప్పు ఎత్తుతోంది. అందుకని పక్కనే కూర్చున్నా, ఎప్పుడైనా వద్దంటుందేమోనని."

నేను తప్పించిన గుక్కలు, దగ్గులు, కొంగు అన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ అవన్నీ చూస్తూనే ఉంది. చూస్తూ వద్దనే మాట కోసం కూర్చుంది. నేనేమో తాగిస్తోందని ఉమ్మాను.

"మరి మంట మందు?" అంది సిస్టర్ ఇద్దరినీ చూస్తూ. ఆవిడ గొంతు పెరగలేదు గానీ మాట బరువెక్కింది. "మీరిద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ కూర్చున్నారు, ఆ క్రిమి ఈ తొమ్మిది రోజులూ హాయిగా పైకి పాకింది. మూత్రపిండానికి ఎక్కింది. మొక్కజొన్న పీచు దాన్ని ఏమీ చెయ్యదు. బార్లీ నీళ్ళు మంచివే, నీళ్ళు కాబట్టి."

"బూకే పోసి ఉంటే తగ్గేదా?" అంది అత్త మెల్లగా.

"నేనూ మా అమ్మ చేతి బూకు తాగి పెరిగినదాన్నే. మీకు అబద్ధం చెప్పను. గాజు గిన్నెలో క్రిముల మీద దాని నూనె వేసి చూశారు, కొన్ని కొంచెం తగ్గాయి, అది కూడా బలంగా కాదు. మనుషులకిచ్చి, ఇంతమందికి తగ్గింది, ఇంతమందికి తగ్గలేదని సరిగా లెక్క తీసిన పరీక్ష నాకు తెలిసినంతలో లేదు. తాత ముత్తాతలు తాగారన్నది మాత్రం నిజం. ఎవరికి తగ్గిందో చెప్పుకున్నారు, తగ్గనివాళ్ళ సంగతి ఎవరూ చెప్పుకోలేదు. ఇక కడుపుతో ఉన్నవాళ్ళు తాగకూడదన్నది మీ పెద్దవాళ్ళు మంచి మాటే పెట్టారు. పొడుగాకు రకంలో ఒక సరుకు ఉంది, అది కాలేయానికీ మంచిది కాదు, గర్భానికీ మంచిది కాదు. గుండ్రాకులో తక్కువ. ఈ మధ్య రెండూ కలిసిపోయిన మొక్కలున్నాయంటున్నారు, కంటితో ఎవరు చెప్పగలరు?"

అత్త ఆ ఆఖరి మాటకి తలెత్తింది. ఊరంతా ఆకు తేడా అడగడానికి ఆవిడ దగ్గరికే వస్తారు.

"అయితే జూన్‌లో పోయింది నా వల్లేనా?" అంది.

నేను ఏడు నెలలుగా లోపల తిప్పుకుంటున్న ప్రశ్న ఆవిడ నోట్లోంచి వచ్చింది. సిస్టర్ అద్దాలు తీసి తుడుచుకుంది.

"తెలీదు. కావొచ్చు, కాకపోవచ్చు. అప్పుడు కూడా మంటే కదా ఉంది. మందు పడని ఆ జబ్బే కడుపు పోగొడుతుంది కొన్నిసార్లు. ఏ కారణం లేకుండా కూడా మొదటి మూడు నెలల్లో చాలా పోతాయి. ఎవరైనా మీకు ఖాయంగా చెబితే, అవునని చెప్పినా కాదని చెప్పినా, వాళ్ళ మాట నమ్మకండి."

అత్త తల ఊపింది. అది ఆవిడకి ఊరటగా అనిపించలేదని తెలుస్తూనే ఉంది. నాకూ అనిపించలేదు. ఎవరో ఒకరి మీద వెయ్యడానికి అన్నాళ్ళుగా మోసిన బరువు, దించే చోటు లేదని తెలిసింది, అంతే.

జ్వరం వల్ల మాత్రలు చాలవంది సిస్టర్. ఒక ఇంజెక్షన్ వేసి, వ్యాన్‌లోనే పట్నం ఆసుపత్రికి పంపింది. టిర్సాని సన్నా పిన్నికి అప్పగించాం. "ఏమైంది, ఏమైంది?" అని ఆవిడ నా వెంట వ్యాన్ దాకా వచ్చింది.

"కడుపుతో ఉంది, జ్వరం," అంది అత్త, చర్చి మెట్ల మీద, పదిమంది ఎదుట. అనేసి వ్యాన్ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆవిడ ఆ మాట అంత గట్టిగా అనగలదని నేనెప్పుడూ అనుకోలేదు.

కొండ దారి రాళ్ళ మీద వ్యాన్ ఎగిరినప్పుడల్లా పొట్ట పట్టుకున్నాను. ఈసారి దాచలేదు. చాలాసేపటికి అత్త అడిగింది.

"ఎన్నో వారం?"

"తొమ్మిది," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నిజం మొత్తంగా ఎవరి చేతిలోనూ పెట్టకూడదని నాలిక్కి ఎప్పుడో అలవాటైపోయింది.

"తొమ్మిది," అని డ్రైవర్ వైపు వంగి, "బాబూ, గుంతలు చూసి తోలు," అంది.

ఆసుపత్రిలో చేతికి సెలైన్ పెట్టి, సాయంత్రం స్కానింగ్ గదికి తీసుకెళ్ళారు. అత్తని రానివ్వమన్నాను. చల్లటి జిగురు పొట్ట మీద రాసి, డాక్టరమ్మ తెర మీద ఏదో వెతుకుతూ చాలాసేపు మాట్లాడలేదు. అత్త గోడకి అతుక్కుని నిలబడింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను.

"ఇదిగో," అంది డాక్టరమ్మ. బూడిదరంగు మధ్యలో చిన్న చుక్క, ఆగకుండా కొట్టుకుంటోంది. "గుండె బాగానే ఉంది. మీ జ్వరం తగ్గితే దీనికీ సుఖం. మందులు మాత్రం మధ్యలో ఆపకూడదు." ఏవో గీతలు గీసి కొలిచింది. "పదకొండు వారాల మూడు రోజులు."

అత్త మెల్లగా నా వైపు తిరిగింది.

"తొమ్మిదన్నావు."

"అన్నాను."

ఆవిడ కాసేపు తెర వైపే చూసింది. నా పాదాల మీద జారిన దుప్పటి పైకి లాగింది.

"సరేలే," అంది. "నేనూ బూకన్నాను."